అడ్మిన్ చార్జి అప్పగింత
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, "మీ సాఫ్ట్‌వేర్ సంగతే చెప్పండి, కానీ ఇంటికెళ్లాక పనికొచ్చేది చెప్పండి" అన్నారు. ఈ హాల్లో రైసుమిల్లు నడిపేవాళ్లున్నారు, మందుల ఏజెన్సీ ఉన్నవాళ్లున్నారు, ఆడిటర్లున్నారు, నర్సింగ్ హోమ్ పెట్టినవాళ్లున్నారు, ప్రైవేటు బడి నడిపేవాళ్లున్నారు. వీళ్లందరి దగ్గరా లెక్కలకో, స్టాకుకో, జీతాలకో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దాదాపు ప్రతిదానిలోనూ 'అడ్మిన్' లాంటి పేరుతో ఒక పెద్ద లాగిన్ ఉంటుంది. వ్యాపార సంస్థల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు పెట్టించడమే నా ఉద్యోగం కాబట్టి, ఆ ఒక్క లాగిన్ గురించే ఈరోజు మాట్లాడతాను. దాన్ని ఎందుకు మార్చాలి, మార్చేటప్పుడు వ్యాపారం ఆగిపోకుండా ఎలా మార్చాలి అన్న రెండు విషయాలే చెప్తాను.

అసలు ఆ లాగిన్ ఎందుకుంటుంది? కొత్త సాఫ్ట్‌వేర్ ఖాళీ ఇల్లు లాంటిది. లోపల ఇంకా యూజర్లు ఎవరూ ఉండరు. మొదటి యూజర్‌ను తయారు చెయ్యాలన్నా ముందు ఎవరో ఒకరు లోపలికి వెళ్లాలి. అందుకని తయారు చేసినవాళ్లే ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ పెట్టి ఇస్తారు. ఇంటి తాళంచెవి కట్టించిన మేస్త్రి దగ్గర ఉన్నట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ ఒక తేడా ఉంది. మేస్త్రి దగ్గరున్న తాళంచెవి మన ఒక్క ఇంటికే పడుతుంది. ఈ తాళంచెవి మాత్రం ఆ కంపెనీ అమ్మిన ప్రతి ఇంటికీ పడుతుంది. పైగా అది ఎలా ఉంటుందో వాళ్ల పుస్తకంలోనే అచ్చు వేసి ఉంటుంది.

నేను చెప్పేది అతిశయోక్తి కాదు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఏళ్ల తరబడి 'స్కాట్' అనే యూజర్ ఉండేవాడు, పాస్‌వర్డ్ 'టైగర్'. స్కాట్ అంటే ఆ కంపెనీలో తొలినాళ్లలో పనిచేసిన బ్రూస్ స్కాట్, టైగర్ వాళ్ల అమ్మాయి పెంచుకున్న పిల్లి పేరు. కంప్యూటర్ కోర్సు చదివిన ప్రతి కుర్రాడికీ ఇది తెలుసు. అదే డేటాబేస్‌లో అన్ని అధికారాలూ ఉన్న 'సిస్టమ్' అనే యూజర్‌కు పాస్‌వర్డ్ 'మేనేజర్'. పెద్ద కంపెనీలు వాడే ఎస్‌ఏపీలో 'శాప్ స్టార్' అనే మహా యూజర్‌కు మొదటి పాస్‌వర్డ్ 06071992. అది వాళ్ల ఆర్/3 సాఫ్ట్‌వేర్ విడుదలైన రోజు, 1992 జూలై 6. పుట్టినరోజును పాస్‌వర్డుగా పెట్టుకోవద్దని మనం పిల్లలకు చెప్తాం. అంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కే పుట్టినరోజు పాస్‌వర్డు అయింది.

దీనివల్ల నష్టం జరిగిందా అంటే, జరిగింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'ఎస్‌ఏ' అనే పెద్ద యూజర్ ఉంటాడు. ఒకప్పుడు చాలాచోట్ల దానికి పాస్‌వర్డే పెట్టకుండా వదిలేసేవాళ్లు. 2002 మేలో స్పైడా అనే పురుగు ప్రోగ్రాము ఇంటర్నెట్‌లో తిరుగుతూ అలాంటి సర్వర్లను వెతికి పట్టుకుని లోపలికి దూరింది. అది ఏ తాళాన్నీ పగలగొట్టలేదు. తెరిచి ఉన్న తలుపులు చూసుకుంటూ వెళ్లింది, అంతే. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము సీసీ కెమెరాలు, రూటర్ల మీద పడింది. దాని దగ్గర ఉన్నదల్లా కంపెనీలు ముందే పెట్టి ఇచ్చే పేర్లు, పాస్‌వర్డ్‌ల జతలు ఒక 60 పైచిలుకు. ఆ చిన్న చిట్టాతో లక్షల పరికరాలను చేతిలో పెట్టుకుని, ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాటిని కొన్ని గంటలు అందకుండా చేశారు.

ఆ తర్వాత ప్రభుత్వాలు మేల్కొన్నాయి. ఇలాంటి ఉమ్మడి పాస్‌వర్డ్‌తో ఇంటర్నెట్ పరికరాలు అమ్మకూడదని కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టాలున్నాయి. అయితే అవి కెమెరాలు, రూటర్ల లాంటి పరికరాల కోసం వచ్చినవి. మన కొట్లో, మన ఆఫీసులో ఉన్న లెక్కల సాఫ్ట్‌వేర్ తాళం మనమే మార్చుకోవాలి.

ఇదంతా బయటివాళ్ల గురించి. నేను ఎక్కువగా చూసింది లోపలి కష్టం. ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో జరిగింది చెప్తాను, పేరు అనవసరం. అక్కడ ఐదుగురు ఒకటే 'అడ్మిన్' లాగిన్ వాడేవాళ్లు. ఓనరు, ఆయన కొడుకు, అకౌంటెంటు, బిల్లింగ్‌లో కూర్చునే అమ్మాయి, అప్పుడప్పుడు వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఏడాది చివర చూస్తే కొన్ని మందులు 'గడువు తీరింది' అని స్టాకులోంచి కొట్టేసి ఉన్నాయి. సరుకు మాత్రం అటకమీద లేదు. ఎవరు కొట్టేశారని కంప్యూటర్‌ను అడిగితే 'అడ్మిన్' అంది. ఐదుగురిలో అందరికంటే చిన్న జీతం ఆ అమ్మాయిది, అనుమానం కూడా ఆమె మీదకే పోయింది. ఆమె చేసిందనడానికి రుజువు లేదు, చెయ్యలేదనడానికీ రుజువు లేదు. చివరికి తనే ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఎవరు చేశారో ఈరోజుకీ తెలియదు.

నేను చెప్పదలచుకున్నది అదే. ఎవరి లాగిన్ వాళ్లకు ఉండటం అంటే ఉద్యోగిని నమ్మకపోవడం కాదు. నిజాయితీగా పనిచేసేవాళ్లకు అది రక్ష. నలుగురి చేతిలో తిరిగే అడ్మిన్ లాగిన్ తప్పు చేసినవాణ్ణి దాచిపెడుతుంది, చెయ్యనివాణ్ణి బోనులో నిలబెడుతుంది.

ఆడిటర్ మిత్రులకు ఇంకో సంగతి గుర్తుంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీలు, ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో నమోదు చేసే, ఆపడానికి వీల్లేని ఆడిట్ ట్రయల్ ఉన్న సాఫ్ట్‌వేరే లెక్కలకు వాడాలి. టాలీలో దాన్నే ఎడిట్ లాగ్ అంటాం. ఆ లాగ్ నిండా ఒకే 'అడ్మిన్' పేరు ఉంటే, అందరూ ఒకే సంతకం పెట్టిన హాజరుపట్టీలా ఉంటుంది. పట్టీ ఉందన్న మాటే గానీ ఎవరు వచ్చారో తెలియదు.

సరే, మార్చాలి. ఎలా మార్చాలి? ఇక్కడే చాలామంది తొందరపడతారు. శనివారం సాయంత్రం ఎవరో చెప్పగానే అడ్మిన్‌ను తొలగించేస్తారు. సోమవారం ఉదయం బిల్లు కొట్టడానికి ఎవరికీ దారి ఉండదు. నా సలహా ఒక్కటే. మన హెడ్మాస్టర్లు చార్జి అప్పగించినట్టు చెయ్యండి. బదిలీ అయిన హెడ్మాస్టరు గారు తాళంచెవులు బల్లమీద పడేసి బస్సెక్కరు. చార్జి లిస్టు రాస్తారు. కొత్తాయన వచ్చి రిజిస్టర్లు, క్యాష్ బుక్కు, స్టాకు సరిచూసుకుంటారు. ఇద్దరూ సంతకాలు పెడతారు. అప్పుడే పాతాయన రిలీవ్ అవుతారు. అడ్మిన్ విషయంలోనూ అదే వరస. ముందు కొత్తది, తర్వాత పరీక్ష, చివరికి పాతది.

మొదటి పని చార్జి లిస్టు. పాత అడ్మిన్ లాగిన్‌తో ఏమేం పనులు నడుస్తున్నాయో కాగితం మీద రాయండి. మనుషులు వాడేవి మాత్రమే కాదు. రాత్రిపూట దానంతటదే తీసే బ్యాకప్, వేలిముద్రల హాజరు యంత్రం, ఇ-ఇన్‌వాయిస్ పంపే ప్రోగ్రాము, బ్రాంచి నుంచి డేటా తెచ్చేది, ఇవన్నీ లోపల్లోపల అడ్మిన్ పాస్‌వర్డే వాడుతూ ఉండవచ్చు. పాస్‌వర్డ్ మార్చాక అవి పాతదానితోనే తలుపు తడుతూ ఉంటాయి. నాలుగైదుసార్లు తప్పు పాస్‌వర్డ్ పడగానే చాలా సాఫ్ట్‌వేర్లు ఆ ఖాతాకు తాళం వేసేస్తాయి. అందుకని ఇలాంటి ఒక్కో పనికీ విడిగా ఒక లాగిన్ పెట్టి, ఆ పనికి కావలసినంత అధికారమే ఇవ్వండి. బ్యాకప్ తీసేవాడికి జీతాలు మార్చే అధికారం ఎందుకు?

రెండో పని బ్యాకప్. తీశామనుకోవడం చాలదు, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ లేనట్టే లెక్క.

మూడో పని కొత్త అడ్మిన్‌ను తయారు చెయ్యడం. మనిషి పేరుతో చెయ్యండి, 'అడ్మిన్2' అని కాదు. కనీసం ఇద్దరికి ఆ అధికారం ఉండాలి. ఒక్కరికే ఉంటే వాళ్లకు జబ్బు చేసిన రోజు వ్యాపారానికీ జబ్బు చేస్తుంది. ఇంకో ముక్క. ఓనరైనా సరే, రోజువారీ బిల్లులకు మామూలు లాగిన్ వాడాలి, యూజర్లను మార్చేటప్పుడు మాత్రమే పెద్ద లాగిన్ తియ్యాలి. పెళ్లి నగలు పెట్టుకుని పొలం పనికి వెళ్లంగా!

పాస్‌వర్డ్ గురించి ఒక్క మాట. గుర్తుల గారడీ కంటే పొడవు ముఖ్యం. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే మనకు గుర్తుంటుంది, ఇతరులకు ఊహకందదు. ఊరి పేరు, పిల్లల పేర్లు, సినిమా పాటల పల్లవులు మాత్రం వద్దు. సాఫ్ట్‌వేర్‌లో రెండో తాళం, అంటే ఫోనుకు కోడ్ వచ్చే ఏర్పాటు ఉంటే తప్పకుండా పెట్టుకోండి.

నాలుగో పని పరీక్ష. పాత అడ్మిన్‌తో తెరిచిన కిటికీ మూయకండి. పక్కన ఇంకో కంప్యూటర్‌లో కొత్త లాగిన్‌తో లోపలికి వెళ్లండి. ఒక యూజర్‌ను తయారు చేసి చూడండి. అతనికి అధికారం ఇచ్చి, తీసేసి చూడండి. బ్యాకప్ తీసి చూడండి. ఏడాది ముగింపు పనులకు దారి తెరుచుకుంటుందో లేదో చూడండి. లోపలికి వెళ్లగలగడం వేరు, లోపల అన్ని గదులూ తెరవగలగడం వేరు. ఏదైనా కుదరకపోతే సరిచెయ్యడానికి పాత కిటికీ ఇంకా తెరిచే ఉంది.

ఐదో పని పాతదాన్ని మూసెయ్యడం. ముందు దాని పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత అధికారాలు తగ్గించండి, ఆ తర్వాత తాళం వెయ్యండి. తొలగించడానికి మాత్రం తొందరపడకండి. దీనికి ఎస్‌ఏపీ కథే గొప్ప ఉదాహరణ. అందులో 'శాప్ స్టార్' యూజర్‌ను ప్రమాదకరమని తొలగిస్తే ఏమవుతుందో తెలుసా? ప్రోగ్రాము లోపల రాసిపెట్టిన ఇంకో శాప్ స్టార్ లేచి కూర్చుంటాడు. వాడి పాస్‌వర్డ్ 'పాస్'. అందరికీ తెలిసిన మాటే. అలా లేవకుండా ఆపే సెట్టింగ్ ఒకటి ఉంది. అందుకే అక్కడ శాప్ స్టార్‌ను తియ్యరు. అధికారాలన్నీ తీసేసి, తాళం వేసి, ఉన్నచోటే ఉంచుతారు. అదే సాఫ్ట్‌వేర్‌లో డీడిక్ అనే ఇంకో యూజర్ ఉన్నాడు. కొత్త వెర్షన్లు ఎక్కించేటప్పుడు అతనితో పని ఉంటుంది కాబట్టి అతన్ని తొలగించనూ కూడదు, పాస్‌వర్డ్ మార్చకుండా వదలనూ కూడదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'ఎస్‌ఏ'ను తొలగించడం కుదరదు. పేరు మార్చవచ్చు, పనిచెయ్యకుండా ఆపవచ్చు. చిన్న వ్యాపారాలు వాడే ఓడూలో రెండు తాళాలున్నాయి. లోపలి అడ్మిన్ యూజర్ ఒకటి, డేటాబేస్‌నే తొలగించగల పేజీకి మాస్టర్ పాస్‌వర్డ్ ఒకటి. వీధి తలుపు తాళం మార్చి పెరటి తలుపు మరిచిపోయేవాళ్లు ఇక్కడ చాలామంది. టాలీ సంగతి ఇంకోరకం. అందులో మొదట పాస్‌వర్డే ఉండదు. యూజర్ యాక్సెస్ కంట్రోల్‌ను మనమే ఆన్ చేసి అడ్మిన్ పేరు పెట్టుకోవాలి. డేటాకు టాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టుకుని మరిచిపోతే మాత్రం తిరిగి తెచ్చుకునే దారి లేదు. కాబట్టి ఒక్కో సాఫ్ట్‌వేర్‌కూ ఒక్కో పద్ధతి ఉంటుంది. దాని పుస్తకం చదివి, లేదా తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి.

ఆరో పని అత్యవసరానికి ఏర్పాటు. మన ట్రెజరీల్లో స్ట్రాంగ్ రూముకు డబుల్ లాక్ ఉంటుంది. రెండు తాళాలు, ఇద్దరు అధికారుల దగ్గర. ఒక్కరే తెరవలేరు. అలాగే అత్యవసర అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు మీద ఇద్దరు సంతకాలు పెట్టి బీరువాలో ఉంచండి. తెరిచిన రోజు ఎవరు, ఎందుకు తెరిచారో రాయండి. పని అయ్యాక పాస్‌వర్డ్ మార్చి కొత్త కవరు పెట్టండి. కంప్యూటర్ మనిషినై ఉండి కాగితం అంటున్నానేమిటని నవ్వకండి. బీరువాలో ఉన్న కాగితాన్ని ఇంటర్నెట్ దొంగ చదవలేడు.

ఇంత చేశాక కూడా పాత తాళం తిరిగొచ్చే దారులు కొన్ని ఉన్నాయి. పాత బ్యాకప్ ఎక్కిస్తే దానితోపాటు పాత యూజర్లు, పాత పాస్‌వర్డ్‌లు కూడా తిరిగొస్తాయి. కాబట్టి బ్యాకప్ ఎక్కించిన ప్రతిసారీ అడ్మిన్‌ను మళ్లీ చూసుకోవాలి. కొత్తవాళ్లకు నేర్పడానికి పెట్టిన ట్రైనింగ్ కాపీని ఎవరూ పట్టించుకోరు. అందులోనూ ఉన్నది అసలు కస్టమర్ల డేటాయే. ఇక అన్నిటికంటే ముఖ్యం, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది? పాస్‌వర్డ్ మరిచిపోతే లింకు ఎవరి ఈమెయిల్‌కు వెళ్తోంది? మానేసిన అకౌంటెంటు నంబరుకు వెళ్తుంటే, మీరు ఎంత గొప్ప పాస్‌వర్డ్ పెట్టినా అసలు తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

గురువులకు ఒక మనవి. బడుల్లో ఇప్పుడు పిల్లల వివరాలన్నీ యూడైస్ ప్లస్ లాంటి పోర్టళ్లలో నింపాలి. లాగిన్ హెడ్మాస్టరు గారిది, పని చేసేది కంప్యూటర్ తెలిసిన ఒక కుర్ర టీచరు, ఒక్కోసారి బజారులోని నెట్ సెంటరు. ఒత్తిడి నాకు తెలుసు, తప్పు పట్టడం లేదు. కనీసం చార్జి అప్పగించే రోజున, లిస్టులో బీరువా తాళాల కింద ఇంకో వరస కలపండి. ఫలానా పోర్టల్ పాస్‌వర్డ్ మార్చడమైనది, ఫోను నంబరు మార్చడమైనది అని. పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు, తల్లిదండ్రుల ఫోన్లు బీరువాలోని వస్తువుల కంటే తక్కువ విలువైనవి కావు.

చివరిగా మన సంఘం సంగతి. యాభై ఏళ్ల బ్యాచ్‌ల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు, విరాళాల లెక్కలు ఇప్పుడు మన సంఘం దగ్గర ఉన్నాయి. ఎక్కడెక్కడో స్థిరపడ్డ మనవాళ్లు ఈ సంఘాన్ని నమ్మి ఇచ్చిన వివరాలవి. కమిటీలు మారుతూ ఉంటాయి. కమిటీ మారినప్పుడు బ్యాంకులో కొత్త సంతకాలు ఇస్తాం, తీర్మానం రాస్తాం. ఆ తీర్మానంలోనే సభ్యుల జాబితా, వెబ్‌సైటు, లెక్కల సాఫ్ట్‌వేర్, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్ చార్జి కూడా అప్పగించామని ఒక వాక్యం రాయాలని ఈ సభ ముఖంగా ప్రతిపాదిస్తున్నాను. దానికి ఖర్చు లేదు, ఒక పూట పని. సంఘం ఒప్పుకుంటే ఆ పూట నేను వచ్చి కూర్చుంటాను.

మీలో వ్యాపారం ఉన్నవాళ్లు రేపు వెళ్లగానే ఒక్క ప్రశ్న అడగండి. 'మన అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు?' జవాబు వేళ్లమీద లెక్కపెట్టాల్సి వస్తే, ఆ రోజే చార్జి లిస్టు రాయడం మొదలుపెట్టండి.